మోల్డోవాలో ప్రతి ఇంట్లో వైన్ చేసుకుంటారంటారు, నిజమేనా? అక్కడ ఉన్నవాళ్ళు చెప్పండి

రాజధాని కిషినావులో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళని వదిలేస్తే, పల్లెల్లో చాలావరకు నిజమే. నేను అక్కడ మెడిసిన్ చదివాను. రెండో ఏడు అక్టోబరులో, మా ఇంటి ఓనరమ్మ ఓర్హేయ్ వైపున్న తన ఊరికి ద్రాక్ష కోతకి రమ్మంది. అక్కడ పెద్దావిడని 'తాంతి' అంటారు, మన ఆంటీ లాగే.

వాళ్ళ పెరటి పందిరి మీద ఉన్నది ఇసబెల్లా ద్రాక్ష. నోట్లో వేసుకోగానే మన బెంగళూర్ బ్లూ గుర్తొచ్చింది. అదే వాసన, అదే జారిపోయే గుజ్జు. పళ్ళు నలగ్గొట్టి, తొక్కలతో సహా పెద్ద తొట్టిలో వదిలేశారు. ఈస్టేమీ కలపలేదు, పండు మీదున్నదే సరిపోతుందట. మర్నాటికి బుసబుసా పొంగి తొక్కలన్నీ పైకి తేలాయి. వాటిని రోజుకి రెండు మూడుసార్లు కర్రతో లోపలికి తొయ్యాలి. ఎర్ర రంగు తొక్కల్లోంచే దిగాలి కదా. పైగా అలాగే వదిలేస్తే పైన ఎండి, వెనిగర్ వాసన పట్టుకుంటుంది. వారం తర్వాత చేత్తో తిప్పే చెక్క ప్రెస్‌లో పిండి, నేలమాళిగలోని ఓక్ పీపాల్లో పోశారు. ఆ నేలమాళిగని 'బేచ్' అంటారు. వైన్ పులిసే రోజుల్లో తాంతి భర్త కొవ్వొత్తి పట్టుకునే లోపలికి దిగేవాడు. దీపం కొండెక్కితే వెంటనే వెనక్కి. మన దగ్గర పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూస్తారే, అదే సంగతి: పులిసేటప్పుడు వచ్చే గ్యాసు కిందే పేరుకుంటుంది.

ఇంకా తేరుకోని కొత్త వైన్‌ని 'తుల్బురెల్' అంటారు. మబ్బుగా, తియ్యగా, నాలుక మీద చురచురలాడుతూ పొద్దుటి కల్లులా ఉంటుంది. జ్యూసే కదా అని నాలుగు గ్లాసులు తాగాను. సోమవారం క్లాసులో ప్రొఫెసర్ ఏం చెప్పారో ఇప్పటికీ తెలీదు.

ఆవకాయ లాగే ఇది కూడా ఎవరింటి చెయ్యి వాళ్ళది. కొన్ని ఇళ్ళలో అద్భుతం, కొన్ని ఇళ్ళలో పుల్ల నీళ్ళు. ఏదైనా 'నొరోక్' అని తాగాల్సిందే, పక్కన జున్ను లాంటి ఉప్పటి బ్రిన్‌జా ఉంటుంది.

టూరిస్టులు వెళ్ళేది క్రికోవా, మిలెష్తి మీచ్‌కి. సున్నపురాయి తవ్వేసిన సొరంగాల్లో పెట్టిన పెద్ద వైన్ నేలమాళిగలవి. మిలెష్తి మీచ్ సొరంగాలు మొత్తం 200 కిలోమీటర్లు, కార్లో తిరగొచ్చు. 15 లక్షల సీసాలతో ప్రపంచంలోనే అతిపెద్ద వైన్ నిల్వగా 2005లో గిన్నిస్‌కెక్కింది. క్రికోవాలో సొరంగ వీధులకి వైన్ల పేర్లు పెట్టారు. ఒకసారి చూడాల్సిందే, కానీ నాకు మ్యూజియం చూసినట్టే అనిపించింది.

కొనాలనుకుంటే స్థానిక రకాలు వెతకండి: ఎరుపులో ఫెతియాస్కా నెయాగ్రా, రారా నెయాగ్రా, తెలుపులో వియోరికా. కాబర్నే ఎక్కడైనా దొరుకుతుంది. మోల్డోవా సోవియట్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో, 1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మొదలుపెట్టిన మద్య వ్యతిరేక ప్రచారంలో ద్రాక్ష తోటలు పీకించారు, 2006లో రష్యా దిగుమతి ఆపేసింది. సరుకులో ఎక్కువ భాగం అక్కడికే వెళ్ళేది కాబట్టి గట్టి దెబ్బే. ఆ తర్వాత పశ్చిమ దేశాల వాళ్ళని మెప్పించాల్సి వచ్చింది, సీసాల్లో క్వాలిటీ బాగా పెరిగిందని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు.

అక్టోబరు మొదటి శనాదివారాల్లో కిషినావులో వైన్ పండుగ జరుగుతుంది, వీలైతే అప్పుడే వెళ్ళండి. ఎవరైనా ఊరికి పిలిస్తే మాత్రం పండుగ మానేసి ఊరికే వెళ్ళండి. వచ్చేటప్పుడు ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెడతారు. మూత తీశాక నాలుగైదు రోజుల్లో అవగొట్టాలని తాంతి హెచ్చరించింది. మా రూమ్‌లో అది రెండో రోజు చూడలేదు.