ఎంజి6ఓ5 అనే పదార్థం లేదన్నాను

చిన్నీ,

నీకు పై తరగతుల కెమిస్ట్రీ ఇచ్చారట. వచ్చే సోమవారం అనుభావిక ఫార్ములా (మూలకాల పరమాణువులు ఏ నిష్పత్తిలో ఉన్నాయో చెప్పేది), అణు ఫార్ములా (ఒక్కో అణువులో నిజంగా ఎన్నున్నాయో చెప్పేది) పాఠంతోనే మొదలట. రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం లేక కాదు, మన ఇంట్లో ఇంకో కెమిస్ట్రీ టీచరంటే నాకంటే సంతోషించేవాళ్ళెవరు? కానీ ఆ పాఠం పేరు వినగానే ముప్ఫయ్యేళ్ళ కిందటి ఒక రికార్డు బుక్కు గుర్తొచ్చింది. దాని సంగతి చెప్పకుండా నిన్ను క్లాసులోకి పంపలేను. ముందు నువ్వు పంపిన నోట్సు చూద్దాం.

బాగుంది. శాతాల్ని గ్రాములనుకోవడం, ఒక్కో మూలకాన్ని దాని పరమాణు ద్రవ్యరాశితో భాగించి మోల్స్ చెయ్యడం, అంటే బరువుని పరమాణువుల లెక్కలోకి మార్చడం, వచ్చినవాటిని అన్నిట్లోకీ చిన్నదానితో భాగించడం, పూర్ణాంకాలు రాకపోతే హెచ్చించడం. దీనికి నా సలహా అక్కర్లేదు, పిల్లలకి పావుగంటలో వచ్చేస్తుంది. ఆక్సిజన్‌ని 32తో భాగించేవాడు ప్రతి క్లాసులో ఒకడుంటాడు. గాలిలో అది జంటగా తిరిగినా ఇక్కడ మనం లెక్కపెడుతున్నది విడి పరమాణువుల్ని అని ఒకసారి చెప్పి వదిలెయ్.

"సమీప పూర్ణాంకానికి సవరించాలి" అని రాశావే, ఆ లైను మాత్రం కొట్టెయ్. నాఫ్తలీన్ తీసుకో. నూటికి 93.75 కార్బన్, 6.25 హైడ్రోజన్. మోల్స్ 7.81, 6.25 వస్తాయి. అక్కడే ఒకడు తొందరపడి 8, 6 చేసేస్తాడు. వాడికి 4:3 వస్తుంది. ఇంకొకడు చివరిదాకా వెళ్ళి, 1.25ని చూసి 1 చేసేస్తాడు. ఇద్దరూ నువ్వు చెప్పినట్టే చేశారు, ఇద్దరిదీ తప్పే. 1.25ని నాలుగుతో హెచ్చిస్తే 5:4 వస్తుంది, అదీ నిజం. 1.5 అయితే రెండుతో, 1.33 అయితే మూడుతో. 1.02 లాంటిదైతే తూకంలో కాస్త తేడా అనుకుని 1గా తీసుకోవచ్చు. "మరి 1.2 వస్తే టీచర్?" అని ఎవరో అడుగుతారు. లెక్కగా అయితే అయిదుతో హెచ్చించాలి. కానీ ఆ 1.2 ఎక్కణ్ణుంచి వచ్చిందో, తూచినవాడు ఎలా తూచాడో తెలియకుండా బోర్డు మీద దానికి జవాబు చెప్పకు. నేను చెప్పాను.

నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. మెగ్నీషియం రిబ్బన్‌ని చుట్టలా చుట్టి క్రూసిబుల్‌లో, అంటే మంటకి తట్టుకునే చిన్న గిన్నెలో పెట్టి, మూత వేసి కాల్చే ప్రయోగం. గాలి తగలడానికి మధ్యమధ్యలో మూత కొంచెం ఎత్తాలి, పొగ పోకుండా వెంటనే దించాలి. చల్లారాక తూచాలి. ఎనిమిది జట్లు. అందరికీ 0.36 గ్రాముల రిబ్బన్ నేనే తూచి ఇచ్చాను. అంతా ఆక్సైడ్ అయితే 0.60 గ్రాములు రావాలని ముందే బోర్డు మీద రాసిపెట్టాను. ఎంత తెలివైన పనో చూడు!

ఏడు జట్ల రికార్డుల్లో 0.60, లేకపోతే 0.59. ఎనిమిదో జట్టులో రెండోవాడు ఆ రోజు రాలేదు, చివరి బెంచీ కుర్రాడొక్కడే చేశాడు. వాడికి 0.56 వచ్చింది. అంటే ఆక్సిజన్ 0.20 గ్రాములు. మెగ్నీషియం 0.015 మోల్స్, ఆక్సిజన్ 0.0125 మోల్స్. భాగిస్తే 1.2. నేను నేర్పినట్టే అయిదుతో హెచ్చించాడు, 6:5 వచ్చింది. ఎంజి6ఓ5, అంటే ఆరు మెగ్నీషియంలకి అయిదు ఆక్సిజన్లు, అని రాసి, స్కేలు పెట్టి చుట్టూ డబ్బా గీశాడు. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో మాట: "తూచాక రెండు చుక్కల నీళ్ళు వేస్తే బాత్రూమ్ వాసన వచ్చింది. మళ్ళీ వేడి చేసేలోపు బెల్లు కొట్టారు."

అది నేను క్లాసులో పైకి చదివాను. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. "ఎంజి6ఓ5 అనే పదార్థం లోకంలో ఎక్కడైనా ఉందా నాయనా?" అని ఆ డబ్బా మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీశాను. వాసన గురించిన వాక్యం మీద ఇంకో గీత. "తూస్తే అంతే వచ్చింది టీచర్" అన్నాడు, మెల్లిగా. "అయితే సరిగ్గా తూచి రేపు తీసుకురా" అన్నాను.

మర్నాడు తెచ్చాడు. 0.60. ఒకటికి ఒకటి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

చిన్నీ, ఆ రోజు ల్యాబు తెరవలేదు. క్రూసిబుళ్ళున్న బీరువా తాళం నా సంచిలోనే ఉంది. వాడు మళ్ళీ తూచలేదని నాకు తెలుసు. తెలిసే టిక్కు పెట్టి పదికి పది వేశాను.

వాడు తప్పు రాశాడని కాదు నా బాధ. మొదటిసారి వాడు రాసిందాంట్లోనే జవాబంతా ఉంది, నేను చూడలేదు. మూత ఎత్తినప్పుడు తెల్లటి పొగ కొంత పోతుంది, అది ఆక్సైడే. లోపల కొంత లోహం కాలకుండా మిగిలిపోతుంది. ఇంకొంత గాలిలోని నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది. నైట్రోజన్‌తో కలిస్తే బరువు అంత పెరగదు. మూడు మెగ్నీషియంలు, అంటే 72 గ్రాములు, ఆక్సైడ్ అయితే 120 అవుతుంది, నైట్రైడ్ అయితే 100 దగ్గరే ఆగుతుంది. మూడు కారణాలూ బరువుని ఒకే వైపు, కిందికే లాగుతాయి. కాబట్టి 0.56 రావడం వింత కాదు. బెల్లు తొందరలో, కొత్త చేతులతో, అందరికీ 0.60 రావడమే వింత!

ఇక వాసన. నైట్రైడ్ మీద నీళ్ళు పడితే అమోనియా వస్తుంది. నీళ్ళ చుక్కలు వేసి మళ్ళీ గట్టిగా వేడి చెయ్యమని ప్రయోగంలో ఉండేది అందుకే, నైట్రైడ్ కాస్తా హైడ్రాక్సైడ్ అయి, చివరికి ఆక్సైడ్ అవుతుంది. ఇదంతా నేను డిగ్రీలో చదివాను, పరీక్షలో రాశాను కూడా. పిల్లలకి మాత్రం "నీళ్ళు వెయ్యండి" అని చెప్పానే గానీ ఎందుకో చెప్పలేదు. కొన్నేళ్ళ తర్వాత ఒక సాయంత్రం నేనొక్కదాన్నే ఆ ప్రయోగం చేస్తుంటే అదే వాసన గుప్పుమని కొట్టింది. బాత్రూమ్ వాసన. ఎనిమిది జట్లలో ఆ వాసన రాసినవాడు ఒక్కడే అన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. అప్పటికి వాడు బడి వదిలి వెళ్ళి చాలా కాలమైంది.

అనుభావికం అన్న మాటలోనే అనుభవం ఉంది చూడు. చేసి, తూచి తెలుసుకున్న ఫార్ములా అని. నేనేమో దాన్ని బోర్డు చూసి తూచే ఫార్ములా చేశాను.

అందుకని, రావాల్సిన జవాబు ముందే బోర్డు మీద రాయకు. అందరికీ ఒకే బరువు ఇవ్వకు. ఒకరికి పొట్టి ముక్క, ఒకరికి పొడుగు ముక్క ఇవ్వు. అందరి అంకెలూ ఒకే గ్రాఫు మీద పెట్టించు, అడ్డంగా మెగ్నీషియం బరువు, నిలువుగా అది కలుపుకున్న ఆక్సిజన్ బరువు. చుక్కలు దాదాపు ఒక గీత మీదికి వస్తాయి. ఒక పదార్థంలో మూలకాలు ఎప్పుడూ ఒకే బరువు నిష్పత్తిలో కలుస్తాయనే స్థిరానుపాత నియమం అంటే అదేనని అప్పుడు చెప్పు. గీతకి కిందపడ్డ చుక్క ఎవరిదో వాళ్ళని లేపి "ఏం చూశావు?" అని అడుగు. తిట్టడానికి కాదు. నువ్వు తిట్టవులే, నా పోలిక నీకు కోపంలో రాలేదు.

జాగ్రత్తలు నీకు తెలిసినవే, అయినా రాయకపోతే నాకు టెన్షన్. మండే మెగ్నీషియం వెలుగులోకి ఎవరూ సూటిగా చూడకూడదు. వేడి క్రూసిబుల్, చల్లటి క్రూసిబుల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పట్టకారు లేకుండా ముట్టుకోనివ్వకు. పూర్తిగా చల్లారకుండా తూస్తే చుట్టూ గాలి వేడెక్కి పైకి లేచి, బరువు తక్కువ చూపిస్తుంది. రిబ్బన్‌ని ముందు గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దించు, లేకపోతే పాత ఆక్సైడ్‌ని కూడా లోహంగా తూచినట్టవుతుంది.

ఇక అణు ఫార్ములా. ఇక్కడ నిన్ను కాస్త తిట్టాలి. నోట్సు రెండో పేజీలో సోడియం క్లోరైడ్ అణు ఫార్ములా అని రాశావు. ఉప్పు స్ఫటికంలో అణువెక్కడుందే? అయాన్లు వరసలు కట్టి నిలబడి ఉంటాయి, నిష్పత్తి తప్ప చెప్పడానికి ఏముంది? మెగ్నీషియం ఆక్సైడ్‌కీ అంతే. ఇంత చదివి నువ్వే ఇలా రాస్తే పిల్లల్ని ఏమంటాం?

ఎంత బాగా తూచినా అనుభావిక ఫార్ములా నిష్పత్తి దగ్గరే ఆగిపోతుంది. అణువు ఎంత పెద్దదో తెలియాలంటే మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, కావాలి, అది వేరే ప్రయోగంలోంచి రావాలి. ఈ ముక్క పట్టుబడక పెద్దపెద్దవాళ్ళే తికమకపడ్డారు. నీటిలో 1 గ్రాము హైడ్రోజన్‌కి 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. డాల్టన్ నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు, తూకం దాన్ని కాదనలేదు. అవగాడ్రో 1811లోనే దారి చూపించినా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1860లో కార్ల్స్‌రూహె సమావేశంలో కనిజారో గట్టిగా చెప్పాకగానీ ఈ చిక్కు విడిపోవడం మొదలవలేదు. కాబట్టి నీ పిల్లలకి రెండో పీరియడ్‌లో కూడా అర్థం కాకపోతే విసుక్కోకు.

నేను చేసే చిన్న ఆట ఒకటి చెప్తాను. నాలుగు చీటీలు రాయి. ఫార్మాల్డిహైడ్, ఎసిటిక్ ఆమ్లం, లాక్టిక్ ఆమ్లం, గ్లూకోజ్. పేర్లు రాయకుండా శాతాలే ఇవ్వు: కార్బన్ 40, హైడ్రోజన్ 6.7, ఆక్సిజన్ 53.3. నాలుగింటికీ అవే అంకెలు. నాలుగు జట్లూ ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అని తెచ్చి, పక్కవాళ్ళ జవాబూ అదే అయ్యేసరికి "కాపీ కొట్టారు టీచర్" అని పోట్లాడుకుంటారు. కాసేపు పోట్లాడుకోనీ. అప్పుడు మోలార్ ద్రవ్యరాశుల చీటీలు ఇవ్వు: 30, 60, 90, 180. వాళ్ళు తెచ్చిన ఫార్ములా ద్రవ్యరాశి 30 కాబట్టి తలా 30తో భాగించుకుంటారు. 60 వచ్చిన జట్టులో ఎవరైనా చురుకైన పిల్ల "ఈ ఫార్ములాతో ఇంకో పదార్థం ఉండకూడదా?" అని అడిగితే, ఉందని చెప్పు. మిథైల్ ఫార్మేట్. అణు ఫార్ములా కూడా అంతా చెప్పదని ఆ పిల్లకి ఆ రోజే తెలిసిపోతుంది.

నాఫ్తలీన్‌కి 4:3 తెచ్చినవాణ్ణి కూడా ఇక్కడికి పిలువు. వాడి లెక్కన ఫార్ములా ద్రవ్యరాశి 51. నాఫ్తలీన్‌ది 128. భాగిస్తే రెండున్నర. రెండున్నర రెట్ల అణువు ఉండదు కాబట్టి వాడి తప్పు వాడే పట్టుకుంటాడు, నువ్వు ఎర్ర సిరా తియ్యక్కర్లేదు.

మొదటి వారంలోనే మంట, వెలుగు భయమనిపిస్తే మైలుతుత్తంతో మొదలుపెట్టు. నీలం స్ఫటికాల్ని మెల్లిగా వేడి చేసి, పోయిన నీటి బరువు తూచి, ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఎన్ని నీటి అణువులున్నాయో తేల్చమను. మరీ మాడ్చితే అసలు పదార్థమే విడిపోతుంది, సన్నటి మంట చాలు. నీకు ఆరేళ్ళప్పుడు నా ల్యాబులో స్టూలెక్కి కూర్చుని, అది తెల్లబడితే ఏడ్చావు, నీళ్ళు చుక్క వేస్తే నీలమయిందని "మళ్ళీ చెయ్యత్తా" అన్నావు. ఆ రోజు ఒక సీసాడు స్ఫటికాలు అయిపోయాయి.

ప్రయోగం అయ్యాక రికార్డులు దిద్దేముందు నాకు ఫోన్ చెయ్యి. ఒకటికి ఒకటి వచ్చినవాళ్ళవి నాకు చదవక్కర్లేదు. రానివాళ్ళవి చదువు, కింద చిన్న అక్షరాలతో ఏం రాశారో అది కూడా.

మీ అత్త