ఓపెన్ ఆఫర్ వస్తే షేర్లు ఇచ్చి తీరాలా?

ప్రశ్న: మాది అంబాజీపేట. టీచరుగా రిటైరయ్యాను. ఒక చిన్న లిస్టెడ్ కంపెనీ షేరు దాని ఆస్తుల విలువలో సగానికే దొరుకుతోందని లెక్కచూసుకుని 2009లో 1,500 షేర్లు కొన్నాను. ఇన్నేళ్లూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఒక పెద్ద గ్రూపు ప్రమోటర్ల (కంపెనీని నడిపే ప్రధాన వాటాదారుల) దగ్గర 31 శాతం కొని, మా షేర్లు కూడా రూ.410 చొప్పున కొంటామని ఓపెన్ ఆఫర్ లెటర్ పంపింది. నా లెక్కలో విలువ అంతకంటే ఎక్కువే. ఇవ్వకపోతే లాగేసుకుంటారని మా అల్లుడు అంటున్నాడు. చనిపోయిన నాన్నగారి పేరున ఇదే కంపెనీవి 200 షేర్లు కాగితం సర్టిఫికెట్లుగా ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, మీ అల్లుడుగారి మాటకి టెన్షన్ పడకండి. కొబ్బరి దింపుకొచ్చిన వ్యాపారి చెప్పిన రేటుకే కాయ ఇచ్చి తీరాలని మీ ఊళ్లో ఎవరూ అనరు కదా, ఇదీ అంతే. లెటర్‌కు జవాబివ్వకపోయినా తప్పు లేదు.

స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2011 టేకోవర్ నిబంధనల ప్రకారం, వాటా 25 శాతానికి చేరేలా కొన్నవాళ్లు కనీసం మరో 26 శాతానికి ఆఫర్ పెట్టాలి. మీ లెటర్లో ఎంత శాతానికో చూడండి. 26 అని ఉంటే 31తో కలిపి 57. అందరూ ఎగబడి ఇచ్చినా 43 శాతం బయటే ఉంటుంది, ఇక లాక్కోవడం ఎక్కడిది? ఎక్కువ షేర్లు వస్తే దామాషాలో తీసుకుని మిగతావి వెనక్కిస్తారు. అంటే మీరు ఇద్దామనుకున్నా అన్నీ పోతాయన్న గ్యారంటీ లేదు.

ఇక ధర. ప్రమోటర్లకు ఇచ్చిన రేటు, కొనేవాళ్లు గత 52 వారాల్లో పెట్టిన సగటు, 26 వారాల్లో పెట్టిన గరిష్ఠం, మార్కెట్లో 60 ట్రేడింగ్ రోజుల సగటు. బాగా ట్రేడయ్యే షేరుకు వీటిలో ఏది ఎక్కువైతే అంతకు తగ్గకూడదు. కంపెనీ భూములూ గోడౌన్లూ ఈ లెక్కలో ఎక్కడా రావు. కాబట్టి ‘అసలు విలువ ఇంకా ఎక్కువ’ అన్న ఒక్క కారణంతో ధర పెంచమనే హక్కు మీకు లేదు. ఇవ్వకుండా ఉండే హక్కే ఉంది.

టెండర్ గడువు, అంటే ఆఫర్‌కు షేర్లు అప్పగించే సమయం, 10 పనిదినాలు. అది మొదలవడానికి ఒక పనిదినం ముందువరకూ ధర పెంచవచ్చు, తగ్గించడానికి మాత్రం వీల్లేదు. ఒకసారి టెండర్ చేస్తే వెనక్కి తీసుకోలేరు. అందుకే తొందరపడి మొదటిరోజే ఇవ్వకండి. ఆఖరి రెండు మూడు రోజుల్లో మార్కెట్ రేటు చూసి, 410 కంటే ఎక్కువుంటే అక్కడే అమ్మండి. ఎటైనా ఎక్స్ఛేంజి ద్వారానే అమ్మితే, ఏడాదిలో రూ.1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం పన్ను పడుతుంది. 2009లో కొన్నవి కాబట్టి 31 జనవరి 2018 దాకా పెరిగిన విలువ మీద పన్ను పడని లెక్క మీకు కలిసొస్తుంది, ఆడిటర్‌కు గుర్తుచేయండి.

ఉంచుకుంటే చిక్కు రాదా అంటే, రావచ్చు. డీలిస్టింగ్‌కు, అంటే షేరును ఎక్స్ఛేంజి నుంచి తీసేయడానికి, వాళ్ల వాటా 90 శాతానికి చేరాలి, అది వేరే పెద్ద తతంగం. అప్పుడు కూడా మిగిలినవాళ్లకు అదే ధరకు ఇచ్చేందుకు ఏడాది గడువుంటుంది. నాకు అనుమానం విలీనం మీద, అంటే ఈ కంపెనీని వాళ్ల కంపెనీలో కలిపేయడం మీద. ఓటేసినవాళ్లలో సగానికి మించినమంది, విలువ ప్రకారం నాలుగింట మూడొంతులు ఒప్పుకుంటే విలీనం స్కీము ముందుకెళ్తుంది. కంపెనీ లా ట్రిబ్యునల్లో అభ్యంతరం చెప్పాలంటే షేర్‌హోల్డర్లకు 10 శాతం వాటా ఉండాలి. మీ 1,700 షేర్లు ఆ గడప తొక్కలేవు. లెటర్లో కొనుగోలుదారు భవిష్యత్ ప్రణాళికల పేరా ఉంటుంది, ధర కంటే ముందు అది చదవండి.

నాన్నగారి సర్టిఫికెట్ల పని మాత్రం ఇవాళే మొదలుపెట్టండి. పేరు మారకుండా మీరు వాటిని టెండర్ చేయలేరు, పది రోజుల్లో పేరు మారదు. కాగితం షేర్లు రూ.5 లక్షల లోపైతే వారసత్వ సర్టిఫికెట్ అక్కర్లేదు. మీవి 82 వేలే. నామినీ లేకపోతే డెత్ సర్టిఫికెట్, మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రాలు, అఫిడవిట్, ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత తగాదా వస్తే నష్టం నేనే భరిస్తానన్న హామీ) కావాలి. ఆయన డివిడెండ్లు వరుసగా ఏడేళ్లు ఎవరూ తీసుకోకపోయుంటే ఆ షేర్లు ఈపాటికి ఎవరూ తీసుకోని షేర్లు, డివిడెండ్లు చేరే కేంద్ర ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోయి ఉంటాయి. అలాగైతే వాటిని వేరే దరఖాస్తుతో తిరిగి రాబట్టుకోవాలి. ఏ సంగతీ కంపెనీ షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు, సర్టిఫికెట్ మీదుండే ఫోలియో నంబరుతో రాస్తే తెలుస్తుంది.