దేవదాసునీ గాట్స్‌బీనీ పక్కపక్కన పెట్టి రాయాలంటే

చి. అమ్ములుకి ఆశీస్సులు.

దేవదాసునీ, ఫిట్జ్‌గెరాల్డ్ నవల 'ది గ్రేట్ గాట్స్‌బీ' నాయకుణ్ణీ పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి చదివాను. సగం దేవదాసు కథ, సగం గాట్స్‌బీ కథ, చివర "ఇద్దరూ గతాన్ని వదులుకోలేకపోయారు" అని ఒక్క వాక్యం. దీన్ని పోలిక అనరమ్మా, రెండు కథాసంగ్రహాలు అంటారు. ఆ చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చి, వెంటనే ఒక ప్రశ్న వెయ్యి: చేజారినదాన్ని చేజార్చింది ఎవరు?

ఇక్కడే ఇద్దరూ విడిపోతారు. పార్వతి అర్ధరాత్రి గదికి వచ్చి అడిగినా దేవదాసు తేల్చుకోలేకపోయాడు. కలకత్తా వెళ్ళి ఉత్తరం రాసి తనే తెంచుకున్నాడు. తప్పు తనది గనుక తాగుడుతో తనకు తనే శిక్ష వేసుకున్నాడు. గాట్స్‌బీకి ఆ అపరాధ భావం లేదు. అతను ప్రేమించిన డెయిజీని దూరం చేసింది యుద్ధం, పేదరికం. కాబట్టి డబ్బుంటే విడిపోయి గడిచిన ఆ ఐదేళ్ళనీ చెరిపేయొచ్చని నమ్మాడు. మద్యనిషేధ కాలంలో దొంగ మద్యం అమ్మి గడించాడు, తను మాత్రం దాదాపు ముట్టడు. జమీందారు బిడ్డ దేవదాసు ఉన్నదంతా తాగేశాడు. ఈ తేడా మీద ఒక పూర్తి పేరా రాయి. నీ ప్రతిలో దీని ఊసే లేదు.

తర్వాత స్త్రీల సంగతి. పార్వతి కూడా మరిచిపోలేదు, అయినా సవతి పిల్లల్ని చూసుకుంటూ హాతీపోతాలోని అత్తవారి ఇల్లు నడిపింది. ప్లాజా హోటల్లో "నీ భర్త టామ్‌ని ఎన్నడూ ప్రేమించలేదని చెప్పు" అని గాట్స్‌బీ పట్టుబడితే, డెయిజీ ఒకప్పుడు టామ్‌నీ ప్రేమించానంటుంది. ఆమె కూతుర్ని చూసి గాట్స్‌బీ ఆశ్చర్యపోయే చోటు కూడా వాడు. ఆ ఐదేళ్ళలో ఆమెకూ ఒక జీవితం గడిచిందని అతను ఒప్పుకోలేడు.

అన్నిటికన్నా గట్టి ఆధారం రెండు గుమ్మాలు. చచ్చేలోగా ఒకసారి వస్తానన్న మాట కోసం దేవదాసు పార్వతి ఇంటి ముందు చెట్టు కింద ప్రాణం విడిచాడు. డెయిజీ నడిపిన కారుతో ప్రమాదం జరిగిన రాత్రి, టామ్ ఆమెను ఏమైనా చేస్తాడేమోనని గాట్స్‌బీ ఆమె ఇంటి బయట కాపలా నిలబడ్డాడు. లోపల ఆమె భర్తతో వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. దేవదాసు కోసం పార్వతి పరుగెత్తుకొచ్చింది, ఇంటివాళ్ళు ఆపేశారు. గాట్స్‌బీ కాపలా అక్కర ఎవరికీ లేదు. రెండు దృశ్యాలూ ఒకే పేరాలో రాయి, విడదీయకు.

వెయ్యి పదాల్లో కథ చెప్పడానికి 150 మించనివ్వకు. ప్రతి పేరాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకో. ఉటంకింపు రెండు పంక్తులు దాటకూడదు. 1953 దేవదాసు సినిమా కళ్ళ ముందు మెదులుతుంది, సహజమే, కానీ దేవదాసు గురించిన ఆధారాలు 1917లో అచ్చయిన శరత్ నవల నుంచే తీసుకో. గాట్స్‌బీని మనకు చూపించేది, కథ చెప్పే పొరుగింటి నిక్ అని కూడా ఒక వాక్యంలో రాయి. అతనికి గాట్స్‌బీ మీద ఉన్న అభిమానమే మన జాలిలో సగం.

తిరగరాసి పంపు, మళ్ళీ చూస్తాను.

మీ పెదనాన్న