స్టార్టవని లారీకి రెండు కంప్యూటర్లు: బిల్లు ఎవరు భరించాలి?

ప్రశ్న: మాది గాజువాక. 2021లో ఫైనాన్స్ మీద పది టైర్ల లారీ కొనుక్కుని నేనే నడుపుకుంటున్నాను. నాకున్నది ఈ ఒక్క బండే. ఒక క్లీనర్ ఉన్నాడు, దూరపు ట్రిప్పులకు మా తమ్ముడు తోడు వస్తాడు. పోర్టులో బొగ్గు లోడు కోసం లైన్లో ఉండగా బండి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. కంపెనీ అధీకృత వర్క్‌షాపుకు లాగించుకుని వెళ్తే ఇంజను కంప్యూటర్ పోయిందని రూ. 1,18,000కు కొత్తది వేశారు. అయినా స్టార్టవలేదు. తరువాత వైరింగ్, డీజిల్ పంపు, ఇంజెక్టర్లు అంటూ నెల రోజులు విప్పి బిగించి మరో రూ. 64,000 రాశారు. చివరికి ఇంకో కంప్యూటర్ తెప్పించి పెడితే వెంటనే స్టార్టయింది. ముందు వేసిందే లోపమున్న పీసు అని మాటవరసకు ఒప్పుకుంటున్నారు గానీ, దానికీ కలిపి మొత్తం రూ. 3,00,000 బిల్లు వేశారు. రూ. 1,18,000 కట్టాను. మిగతాది కడితేనే బండి వదులుతామంటున్నారు. బిల్లు అడుగున ‘అమ్మిన ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోబడదు’ అని ఉంది. 47 రోజులుగా కిరాయి లేదు, రెండు వాయిదాలు తప్పాయి. నాకు న్యాయం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి, వాటిని ముందే విడదీయడం మంచిది. బండితో వచ్చిన మొదటి కంప్యూటర్ వారంటీ గడువు దాటాక నిజంగానే చెడిపోయి ఉంటే, దాని స్థానంలో ఒక కంప్యూటర్ ధర, దాన్ని బిగించిన కూలి మీరే భరించవలసి ఉంటుంది. దాన్ని కూడా తిరిగి రాబడతామని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు. మోటారు బీమా కూడా యంత్ర, విద్యుత్ లోపాలకు సాధారణంగా వర్తించదు. మీకు గట్టి హక్కు ఉన్నది రెండో కంప్యూటర్ (వర్క్‌షాపు మొదట వేసినది) విషయంలోనూ, ఆ తరువాత నెల రోజులు జరిగిన విప్పుడు బిగింపు విషయంలోనూ మాత్రమే.

లారీ వ్యాపారానికి వాడే వస్తువు కాబట్టి మీరు వినియోగదారు కారని అవతలి పక్షం మొట్టమొదటి అభ్యంతరం లేవనెత్తుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని మినహాయించిన మాట నిజమే అయినా, స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసమే వాడుకునేవారిని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. పాత చట్టం కింద లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, లారీ కొని తానే నడుపుకునే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుని అతడు వినియోగదారుడేనని చెప్పడమే కాక, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని కూడా స్పష్టం చేసింది. అందువల్ల క్లీనర్, తమ్ముడు మీకు అడ్డు కారు. మీ పేరున హెవీ లైసెన్సు, ఒకే ఒక్క రిజిస్ట్రేషన్ ఉన్నాయని ఫిర్యాదు మొదటి పేరాలోనే రాయించండి.

అసలు పోరాటం రుజువు దగ్గర జరుగుతుంది. వర్క్‌షాపు నోటితో ఒప్పుకున్నది కాగితం మీదికి వచ్చేసరికి మారిపోవచ్చు. మీ బండి వైరింగులో ఉన్న షార్ట్ వల్లనే తాము వేసిన కొత్త కంప్యూటర్ కాలిపోయిందని వారు వాదిస్తారు. ఆ వాదనకు జవాబు వర్క్‌షాపు చేసిన పని రాసుకునే జాబ్ కార్డులో ఉంటుంది. సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోని బండికి స్కానర్ తగిలించినప్పుడు కంప్యూటర్ పలకకపోతే, దాన్ని పోయిందని తేల్చే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి: దానికి బ్యాటరీ సప్లై, ఎర్తు సరిగా అందుతున్నాయా, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి ఎంతవరకు పడిపోతోంది, సెన్సర్లకు వెళ్లే 5 వోల్టుల లైను ఎక్కడైనా షార్ట్ అయిందా, బ్యాటరీ విప్పి క్యాన్ లైను (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంపుకునే తీగల జత) రెండు తీగల మధ్య కొలిస్తే సుమారు 60 ఓంలు చూపుతోందా అన్నవి. ఈ కొలతలేవీ రాయకుండా ‘ఈసీఎం (ఇంజను కంప్యూటర్) ఫెయిల్, మార్చవలెను’ అని ఒక్క ముక్క మాత్రమే రాసి ఉంటే, అది పరీక్షించి చెప్పిన మాట కాదు, ఊహించి సామాను మార్చిన పని. అదే సేవాలోపం.

ఒకవేళ రెండో కంప్యూటర్‌లో లోపమేమీ లేదని, దానిలోకి బండి చాసిస్ నంబరు, ఇంజెక్టర్ల కోడ్లు, తాళం గుర్తింపు సరిగా ఎక్కించకపోవడం వల్లనే ఇంజను అందుకోలేదని తేలినా మీకు నష్టం లేదు. పీసు చెడ్డదైతే అది వారు అమ్మిన వస్తువులోని లోపం, ప్రోగ్రామింగ్ తప్పితే అది వారి పనిలోని లోపం. అమ్మింది, బిగించింది, ప్రోగ్రామ్ చేసింది ఒకే చెయ్యి గనుక ఏది నిజమైనా బాధ్యత అక్కడే నిలుస్తుంది. ఏ రోజు ఏమి చేశారన్నది వారికే తెలిసిన సంగతి కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 109 సూత్రం ప్రకారం దాన్ని చూపే భారం తమపై ఉందని వారు గుర్తించేలా నోటీసులోనే అడగాలి. మూడో కంప్యూటర్ (చివరికి పనిచేసినది) పెట్టేముందు వైరింగులో ఏదైనా సరిచేశారా అన్నది మాత్రం తప్పక రాబట్టండి. ఏమీ సరిచేయలేదని వారి కాగితాలే చెబితే, అదే వైరింగుపై మూడోది నడుస్తోంది కాబట్టి షార్ట్ వాదన నిలవదు. ఏదో సరిచేశారని తేలితే, మొదటి కంప్యూటర్ అసలు పోయిందా అన్న ప్రశ్న లేస్తుంది, దాని ధర మీద కూడా అప్పుడు వాదించవచ్చు.

అందుకే మొదటిది, రెండోది, ఆ రెండు కంప్యూటర్ పెట్టెలనూ వాటి సీరియల్ నంబర్లతో సహా భద్రపరచమని ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వర్క్‌షాపులలో పాత సామాను ‘కంపెనీకి వెళ్లిపోయింది’ అని మాయమవడం చాలా మామూలు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే, వినియోగదారుల కమిషన్ వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) కింద వస్తువును తగిన ప్రయోగశాలకు పంపి 45 రోజులలో నివేదిక కోరుతుంది. ఆ ఖర్చు మొదట మీరే డిపాజిట్ చేయవలసి ఉంటుంది. పెట్టెలే లేకపోతే పంపడానికేమీ ఉండదు. నోటీసు అందాక వారు వాటిని పోగొడితే ఆ లోటును వారికి వ్యతిరేకంగా తీసుకోమని మనం కోరవచ్చు.

వాపసు తీసుకోబడదన్న ముద్ర గురించి మీరు బెంగపడవలసిన పని లేదు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజులలోగా వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అదే చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వాణిజ్య విధానం.

బండిని ఆపుకునే విషయంలో మాత్రం చట్టం పూర్తిగా మీ వైపు లేదు. నైపుణ్యంతో పని చేసినవారు తమ ప్రతిఫలం అందేవరకు ఆ వస్తువును తమ దగ్గర ఉంచుకోవచ్చని భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 170 చెబుతోంది. బండి అప్పగించిన ప్రయోజనం ప్రకారం పని జరగలేదని మీరు వాదించవచ్చు గానీ, ఆ వాదన తేలేవరకు లారీ షెడ్డులో ఉంటే రోజు కిరాయి పోయేది మీకే. పైగా సెక్షన్ 73 వివరణ ప్రకారం నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉండి వాడుకోకపోతే పరిహారంలో కోత పడుతుంది. కాబట్టి ఎలాగైనా రూ. 1,82,000 సర్ది బ్యాంకు ద్వారా కట్టి, ‘హక్కులకు భంగం లేకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఈమెయిల్‌లోనూ, డెలివరీ రసీదు మీదా రాసి సంతకం చేయండి. ఏ అభ్యంతరమూ లేదనే సంతృప్తి పత్రం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

నష్టపోయిన కిరాయికి అంచనా చెప్పడం చాలదు. ఆగిపోవడానికి ముందు ఆరు నెలల ట్రిప్పు రసీదులు, డీజిల్ బిల్లులు, ట్రాన్స్‌పోర్టు కంపెనీ జమలు తీయండి. ఫాస్టాగ్ ఖాతా స్టేట్‌మెంటు తీసుకోండి, టోల్ గేట్ల వరుస 47 రోజుల పాటు ఖాళీగా కనిపించడం కంటే మంచి సాక్ష్యం మీ చేతిలో మరొకటి లేదు. డీజిల్, టైర్ల అరుగుదల మినహాయించి నికర ఆదాయమే అడగండి. ఫైనాన్స్ వాయిదాలు ఈ తగాదాతో ముడిపడవు, అవి ఆగకూడదు. జరిగింది రాసి, వాయిదాలు సర్దమని ఫైనాన్స్ కంపెనీని లిఖితంగా కోరండి. బలవంతంగా బండి లాక్కోవడానికి మనుషులను పంపడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుపట్టింది.

మీరు నివసించేది గాజువాకలో కాబట్టి తయారీ కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. ఏ కమిషన్, ఎంత రుసుము అన్నది తేల్చడానికి చూసేది మీరు అడిగే పరిహారాన్ని కాదు, చెల్లించిన ప్రతిఫలాన్ని. అది రూ. 5,00,000 లోపు కనుక కోర్టు రుసుము లేదు. వర్క్‌షాపును మొదటి ప్రతివాదిగానూ, విడిభాగం పంపిన కంపెనీని రెండో ప్రతివాదిగానూ చేర్చండి. చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం కింద మాత్రం అడగవద్దు. ఆ అధ్యాయంలో ‘హాని’ అనే మాట వస్తువుకే కలిగిన నష్టాన్నీ, వ్యాపార నష్టాన్నీ కలుపుకోదు గనుక ఫిర్యాదు అక్కడ చిక్కుకుపోతుంది. కాలపరిమితి రెండేళ్లు. లెక్కను రెండో కంప్యూటర్ బిగించిన తేదీ నుంచే వేసుకోండి. బండి షెడ్డు దాటే ముందు ఓడోమీటరునూ, బిగించి ఉన్న మూడో కంప్యూటర్ సీరియల్ నంబరునూ ఫోటో తీయండి, మళ్లీ ఎప్పుడైనా ఆగితే ఎన్ని కిలోమీటర్లు నడిచాక ఆగిందో చెప్పడానికి అవే కావాలి.