కందకు దురద ఎక్కడిది?

ప్రశ్న: డాక్టరుగారూ, అనాసపండు తింటే నా నాలుక చుర్రుమంటుంది. కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతంతా దురద. ఈమధ్య పచ్చి యాపిల్ ముక్క కొరికినా పెదాలు దురద పెడుతున్నాయి. ఉడికించిన యాపిల్‌తో ఏమీ కాదు. ఇంట్లో ఇంకెవరికీ యాపిల్ పడకపోవడం లేదు. ఇవన్నీ ఎలర్జీయేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడూ మూడు రకాలమ్మా.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, దురదకు సరంజామా అంతా కందలోనే ఉంది. దాని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సన్నటి సూదుల కట్టల్లా ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే అచ్చం గుండుసూదుల పొట్లమే. కొరికితే కణం పగిలి, ఆ సూదులు నాలుకలో, గొంతులో గుచ్చుకుంటాయి. చేమదుంపదీ ఇదే కథ. ఇది ఎలర్జీ కాదు, ఉడకని కంద ఎవరు తిన్నా ఇంతే. పలుకు మీద దించేయకుండా మెత్తగా ఉడకనివ్వండి.

అనాసలో బ్రొమెలిన్ అనే ఎంజైము ఉంది. దాని పని ప్రొటీన్లను ముక్కలు చేయడం. మనం పండును తింటుంటే అది మన నాలుకను కాస్త రుచి చూస్తుందన్నమాట. పైన పండు పులుపు ఒకటి. నేనూ ఒకసారి ఆకలి మీద దాదాపు కాయంతా తినేసి, సాయంత్రం టీ గుక్క వేసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాటికి తగ్గిపోయింది. వేడికి బ్రొమెలిన్ పనిచేయదు కాబట్టి ఉడికించిన అనాస అంతగా మండదు.

మీరు అడగలేదు గానీ, మిరపకాయ అసలు నోటిని కాల్చదు. 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ తట్టిలేపుతుంది, మనకేమో కాలినట్టుంటుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పాలు తాగండి.

ఇక యాపిల్. నాకు అనుమానం దీని మీదే. కొన్ని చెట్ల పుప్పొడి పడనివాళ్ల ఒంటికి యాపిల్‌లోని ప్రొటీన్ కూడా ఆ పుప్పొడిలాగే కనిపిస్తుంది. ఉడికిస్తే ఆ ప్రొటీన్ రూపు మారిపోతుంది కాబట్టే మీకు అప్పుడు ఏమీ కావడం లేదేమో. ఏటా ఒకే కాలంలో తుమ్ములు, కళ్ల దురద వస్తుంటాయా? ఎలర్జీ డాక్టరుకు ఆ సంగతి ముందు చెప్పండి. పెదాలు ఉబ్బినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

అనాస మానక్కర్లేదు, నాలుగు ముక్కలతో ఆపండి. పచ్చి యాపిల్ మాత్రం పరీక్ష అయ్యేదాకా వద్దు.