తగవు పుట్టించే పాఠం మొదలుపెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాజకీయంగా వివాదం ఉన్న పాఠాలు వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివించి, చివరి ప్రశ్నలకు జవాబులు రాయించి ముందుకు వెళ్లిపోతే సరిపోదా అని అడిగావు. ఆ పని నేను కొన్నేళ్లపాటు చేశాను కాబట్టి దాని ఫలితం ఏమిటో చెప్పగలను. గది ప్రశాంతంగానే ఉంటుంది, మార్కులకూ లోటు రాదు. కానీ ఆ సంఘటన గురించి పిల్లలు నమ్మేదంతా ఇంట్లో పెద్దల మాటల్లోంచో, ఫోన్లో తిరిగే వీడియోల్లోంచో వస్తుంది. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటని అడిగే అలవాటు మాత్రం వాళ్లకు ఎక్కడా ఏర్పడదు. తేనెతుట్టెను కదపలేదని మనం ఊపిరి పీల్చుకుంటాం, అంతే.

గదిలోకి వెళ్లకముందే చేయవలసిన పని ఒకటుంది. నా దృష్టిలో మిగతా మెలకువలన్నీ దాని తరువాతే. పాఠంలోంచి పుట్టగల ప్రశ్నలను ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ ఏ రకానిదో తేల్చుకో. ఏం జరిగింది అన్నది ఒక రకం. ఎందుకు జరిగింది అన్నది ఇంకొకటి. దానిని ఏ పేరుతో పిలవాలి, తప్పు ఎవరిది అన్నది మూడవది. ఇవాళ మనం దాని గురించి ఏం చేయాలి అన్నది నాలుగవది. మొదటిదానికి జవాబు ఆధారాల్లో దొరుకుతుంది. నాలుగవదానికి ఆధారాలు సాయపడతాయే కాని తీర్పు చెప్పవు, ఎందుకంటే అందులో మనిషి విలువలు కూడా కలుస్తాయి. నేను చూసిన తరగతి గొడవల్లో చాలా వాటికి కారణం ఈ నాలుగూ కలగాపులగం కావడమే. ఒక పిల్లవాడు ఇవాళ ఏం చేయాలో చెబుతాడు, అది నచ్చని ఇంకొకడు అప్పుడు జరిగిన సంగతినే కాదంటాడు, అక్కడినుంచి ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు.

ఈ విభజన చేసుకుంటే దేనిపై చర్చ పెట్టాలో, దేనిపై పెట్టకూడదో నీకే తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు సుమారు 60 లక్షల మంది యూదులను చంపారన్నది తేలిన విషయం; అది జరిగిందా లేదా అని రెండు జట్లు చేసి వాదింపజేయడం నిష్పక్షపాతం అనిపించుకోదు, పిల్లలను తప్పుదారి పట్టించడం అవుతుంది. అయితే అంతమంది మామూలు ఉద్యోగులు, పొరుగువాళ్లు ఎందుకు సహకరించారు, ఎందుకు ఊరుకున్నారు అన్నది నేటికీ చరిత్రకారులు వాదించుకునే ప్రశ్న. దానిని ఎంత లోతుగా తవ్వినా ఫరవాలేదు. తేలిన దానిని తెరిచి పెట్టడం ఎంత తప్పో, తేలని దానిని నీ సౌకర్యం కోసం మూసేయడం కూడా అంతే తప్పు. ఏది ఏ గట్టున ఉందో నీకే తెలియని సందర్భాలూ వస్తాయి, అప్పుడు ఆ మాటే పిల్లలకు చెప్పు.

మొదటిసారే వేడిగా ఉన్న విషయాన్ని ఎత్తుకోవద్దు. తరగతి రెండుగా చీలని సంఘటన మీద ముందు పని నేర్పించు. నేను ఎప్పుడూ 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలాబాగ్ ఉదంతంతోనే మొదలుపెట్టేవాడిని. పిల్లలందరూ ఒకవైపే ఉంటారు కనుక ఇందులో చర్చకేముంది అనుకుంటారు. అప్పుడు మృతుల సంఖ్యలు బోర్డు మీద రాసేవాడిని. ప్రభుత్వ లెక్క 379, కాంగ్రెస్ విచారణ సంఘం అంచనా సుమారు 1,000. ఇంత తేడా ఎందుకు వచ్చింది, ఎవరు ఎప్పుడు ఎలా లెక్కించారు, తమ వాళ్లు అక్కడ ఉన్నారని చెప్పుకోవడానికి జనం ఎందుకు భయపడి ఉంటారు అని అడిగితే, అంతవరకు ఆవేశంతో ఉన్న పిల్లలు మొదటిసారిగా ఆధారం వైపు చూస్తారు. తరువాత కాల్పులకు ఆదేశించిన బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ సాక్ష్యం. సుమారు పది నిమిషాలు కాల్పులు జరిపించానని, 1,650 తూటాలు ఖర్చయ్యాయని అతడే విచారణలో చెప్పాడు. జనాన్ని చెదరగొట్టడమొక్కటే కాక పంజాబు అంతటా ప్రభావం కలిగించాలన్నది తన ఉద్దేశమనీ ఒప్పుకున్నాడు. నిందితుడి నోటినుంచి వచ్చిన మాటకు ఎంత విలువ ఇవ్వాలి అన్న ప్రశ్నతోనే ఒక పీరియడ్ గడిచిపోతుంది.

ఇంకా ముందుకు వెళితే అసలు పాఠం వస్తుంది. ఈ ఉదంతంపై విచారణకు ప్రభుత్వం వేసిన హంటర్ సంఘం 1920లో ఇచ్చిన నివేదిక ఒకటి కాదు. అందులోని ముగ్గురు భారతీయ సభ్యులు వేరుగా తమ నివేదిక రాశారు. ఇరుపక్షాలూ విన్న సాక్ష్యం ఒకటే, ఇరుపక్షాలూ డయ్యర్‌ను తప్పుపట్టాయి, అయినా ఆ తప్పు ఎంత పెద్దది, అప్పుడు పంజాబులో నిజంగా తిరుగుబాటు ఉందా, సైనిక శాసనం అవసరమైందా అన్న దగ్గర విడిపోయారు. అదే ఏడాది జూలైలో బ్రిటిష్ కామన్స్ సభలో చర్చిల్ ఆ కాల్పులను తీవ్రంగా ఖండిస్తే, ప్రభువుల సభ డయ్యర్‌కు అన్యాయం జరిగిందన్న తీర్మానాన్ని ఆమోదించింది. "ఇంగ్లీషువాళ్లు ఇలా అనుకున్నారు" అని జవాబుపత్రంలో రాయబోయిన పిల్లవాడు ఏ ఇంగ్లీషువాళ్లు అని తనను తానే ప్రశ్నించుకుంటాడు. ఈ అలవాటు ఒకసారి పడితే, రేపు తన చుట్టూ ఉన్న ఒక వర్గం గురించి "వాళ్లంతా ఇంతే" అనబోయినప్పుడు కూడా కాసేపు ఆగుతాడు. కనీసం కొందరు ఆగడం నేను చూశాను.

పేర్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలాసార్లు పాఠం శీర్షిక చదవగానే తగవు మొదలవుతుంది. 1857ను ఒకరు సిపాయీల తిరుగుబాటు అన్నారు, ఇంకొకరు ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం అన్నారు. రెండవ పేరును ఆర్.సి. మజుందార్ వంటి భారతీయ చరిత్రకారుడే అంగీకరించలేదు. 1948 నాటి యుద్ధాన్ని ఇజ్రాయెల్ స్వాతంత్ర్య యుద్ధం అంటుంది. ఆ సమయంలో ఇళ్లూ ఊళ్లూ కోల్పోయిన సుమారు ఏడు లక్షల మంది పాలస్తీనీయుల సంతతి దానినే నక్బా, అంటే మహావిపత్తు, అని పిలుస్తుంది. పేర్లన్నీ బోర్డు మీద పక్కపక్కనే రాసి, ప్రతి పేరూ దేనిని ముందుకు తెస్తోందో, దేనిని వెనక్కి నెడుతోందో పిల్లలచేత చెప్పించు. ఏ పేరు సరైనదన్నది చివరకు వాళ్లే తేల్చుకుంటారు, లేదా తేల్చుకోరు.

నీ సొంత అభిప్రాయం చెప్పాలా వద్దా అని అడిగావు. పశ్చిమ జర్మనీలో రాజకీయ విద్యను బోధించేవారు ఇదే విషయంపై ఏళ్లపాటు తగవులాడుకుని, 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే చోట సమావేశమయ్యారు. అక్కడి చర్చలోంచి మూడు సూత్రాలు తేలాయి: విద్యార్థి తనంతట తాను ఆలోచించుకునే లోపే అతనిపై అభిప్రాయం రుద్దకూడదు, పండితుల మధ్య, సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి, విద్యార్థి తన పరిస్థితిని తానే పరిశీలించుకుని తన ప్రయోజనాన్ని గుర్తించగలగాలి. టీచరు గోడమీద పిల్లిలా కూర్చోవాలని ఇందులో ఎక్కడా లేదు. నా పద్ధతి ఏమిటంటే, పిల్లలు అడగనిదే చెప్పేవాడిని కాదు. అడిగితే పాఠం పూర్తయ్యాక, నా అభిప్రాయంతోపాటు దానికి వ్యతిరేకంగా ఉన్న అన్నిటికంటే గట్టి వాదాన్ని కూడా చెప్పేవాడిని. మార్కులు మన చేతుల్లో ఉంటాయన్న సంగతి మనం మరిచిపోయినా పిల్లలు మరిచిపోరు. ఒక మనిషిని పుట్టుకను బట్టి అవమానించే మాట తరగతిలో వచ్చినప్పుడు మాత్రం దానిని ఇంకొక అభిప్రాయంగా చూడవద్దు, అక్కడికక్కడే ఆపు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి వివాదాస్పదమైన ప్రశ్నపై ఎవరు ఎటువైపో తెలుసుకోవాలనిపించి చేతులెత్తమన్నాను. మొదట చెయ్యెత్తిన ఒక అబ్బాయి చుట్టూ చూసి, తాను ఒక్కడేనని గ్రహించి, ఆ చేత్తోనే జుట్టు సవరించుకుని దించేశాడు. ఆ ఏడాదంతా నా తరగతిలో అతను నోరు విప్పలేదు. ఆ తరువాత నేను ఎప్పుడూ చేతులెత్తించలేదు. ముందు మూడు నిమిషాలు మౌనంగా రాయించి, పక్కనున్న ఒక్కరితో మాట్లాడించి, ఆపైనే అందరిముందు చర్చ పెట్టేవాడిని. అలాగే, ఏ వర్గం గురించి పాఠం నడుస్తోందో ఆ వర్గానికి చెందిన పిల్ల గదిలో ఉంటే, ఆమెవైపు తిరిగి "మీవాళ్లు ఏమంటారు?" అని అడగవద్దు. ఆమె ఎవరి ప్రతినిధీ కాదు. హింస జరిగిన సంఘటనను పిల్లలచేత నటింపజేయడం కూడా నాకు ఇష్టం ఉండదు. బాధితుడి పాత్ర వేసిన పిల్లవాడికి అది పీరియడ్‌తో ముగిసిపోదు.

ఎవరైనా పూర్తిగా అబద్ధమైన మాట చెబితే "నీకెవరు చెప్పారు?" అనకు. ఎవరో ఇంట్లోవాళ్లే చెప్పి ఉంటారు, వాళ్లను అందరిముందూ దోషులను చేసినట్టవుతుంది. "ఇది మనకు ఎలా తెలుస్తుంది?" అని అడిగి ఆ మాటను బోర్డు మీద పెట్టు, ఆధారం వెతికే పనిని తరగతి మొత్తానిది చేయి.

తల్లిదండ్రులు వస్తారన్న భయం గురించి ఎక్కువ రాయను. పాఠ ప్రణాళిక, ఎంచుకున్న ఆధారాలు, అవి పాఠ్యప్రణాళికలోని ఏ అంశానికి చెందుతాయో ఒక పేజీలో రాసి ముందుగానే మీ ప్రధానోపాధ్యాయులకు చూపించు. వచ్చినవారిని కూర్చోబెట్టి అదే పేజీ చేతికివ్వు. మామూలుగా వాళ్లు విన్నది ఇరవై సెకన్ల మాట, నువ్వు చూపేది నలభై నిమిషాల పాఠం.

జలియన్‌వాలాబాగ్ పాఠానికి నేను వాడిన ప్రశ్నల కాగితం ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. మూడవ ప్రశ్న ఎన్నిసార్లు మార్చినా నాకు కుదరలేదు. రెండు నివేదికల మధ్య తేడా అడగబోతే పిల్లలు ఎవరు మంచివారో చెప్పమంటున్నాననుకునేవారు. దానిని నువ్వు తిరగరాసి, తరగతిలో వాడి చూశాక నాకు పంపు.

ఇట్లు,
నీకు ఒకప్పుడు సోషల్ చెప్పిన మాస్టారు