పన్నెండు పాయింట్ ఆరా, పదమూడు పాయింట్ తొమ్మిదా?

ఆటస్థలం సందేహాలకు విశాఖపట్నంలో చాలాకాలం పిల్లలకు పరుగు నేర్పి విశ్రాంతి తీసుకుంటున్న వ్యాయామోపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఈ మధ్య జరిగిన పాఠశాలల పోటీల్లో ఉదయం 100 మీటర్ల పరుగును 13.9 సెకన్లలో ముగించి నాలుగో స్థానంలో నిలిచింది. అదే రోజు సాయంత్రం నలుగురు తలా వంద మీటర్లు పరుగెత్తే 4×100 రిలేలో ఆఖరి లెగ్ (నాలుగో అమ్మాయి వంతు) పరుగెత్తినప్పుడు మాత్రం పీఈటీ గారి స్టాప్‌వాచ్‌లో 12.6 వచ్చింది. విడి పరుగులో మొదటి స్థానం వచ్చిన అమ్మాయి టైము 13.4. అంటే మా అమ్మాయే ఆమె కన్నా వేగంగా పరుగెత్తగలదని కదా అర్థం? అయినా తదుపరి పోటీలకు 100 మీటర్లలో ఆ అమ్మాయినే పంపుతున్నారు, మా అమ్మాయికి రిలేలో మాత్రమే చోటు ఇచ్చారు. పాఠశాలకు వెళ్లి గట్టిగా అడుగుదామనుకుంటున్నాను. మీరేమంటారు?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: అడగడానికి వెళ్లే ముందే ఉత్తరం రాశారు, మంచి పని చేశారు. మీ అమ్మాయి 13.9లో పరుగెత్తిన మాట నిజం, 12.6లో పరుగెత్తిన మాట కూడా చాలావరకు నిజమే కావచ్చు. అయితే ఆ రెండు అంకెలూ ఒకే పనిని కొలిచినవి కావు. మీ అమ్మాయి 12.6ను పక్కన పెట్టి చూడవలసింది ఆ అమ్మాయి 13.4తో కాదు, ఆ అమ్మాయి రిలేలో పరుగెత్తిన లెగ్ టైముతో. ఆ అంకె మీ ఉత్తరంలో లేదు. పీఈటీ గారిని మొదట అడగవలసింది దాని గురించే.

విడి పరుగులో పిల్ల గీత వెనక కదలకుండా ఉండి, పరుగు మొదలుపెట్టే క్లాపర్ (చరిచే జంట పలకలు) చప్పుడు చెవిన పడ్డాక లేచి, సున్నా వేగం నుంచి తన పూర్తి వేగానికి చేరుకోవాలి. అలా చేరుకోవడానికి పట్టే కాలమంతా ఆమె టైములోనే కలుస్తుంది. ఇది ఎంత ఖరీదైన వ్యవహారమో తెలియాలంటే 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 సెకన్లలో ముగించిన ప్రపంచ రికార్డు పరుగును 20 మీటర్ల ముక్కలుగా విడదీసి చూడండి. మొదటి 20 మీటర్లకు ఆయనకు 2.89 సెకన్లు పట్టింది. తరువాతి నాలుగు ముక్కలకు వరుసగా 1.75, 1.67, 1.61, 1.66 సెకన్లు పట్టాయి. లోకంలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన మనిషికే మొదటి ముక్క దగ్గర ఒక సెకనుకు పైగా అదనంగా ఖర్చయింది.

రిలేలో రెండు, మూడు, నాలుగో లెగ్‌ల వారికి ఈ ఖర్చు ఉండదు. బ్యాటన్ (ఒకరి నుంచి ఒకరికి చేతులు మారే కర్ర) అందుకునే జోన్ పొడవు 30 మీటర్లు. వారి వంద మీటర్లు ఏ గీత దగ్గర మొదలవుతాయో దానికి 20 మీటర్ల ముందే ఆ జోన్ మొదలై, గీత దాటాక మరో 10 మీటర్లు సాగుతుంది. మీ అమ్మాయి ఆ జోన్ మొదట్లో నిలబడి, మూడో లెగ్ అమ్మాయి దగ్గరకు వస్తుండగానే పరుగు అందుకుని, గీత దాటే సరికి దాదాపు పూర్తి వేగంలో ఉంటుంది. ఆమె వేగం పుంజుకుంటున్నంతసేపూ బ్యాటన్ ఇంకా వెనక అమ్మాయి చేతిలోనే పరుగెడుతూ ఉంది కాబట్టి, ఆ పుంజుకోవడానికి పట్టిన కాలం ఎవరి లెక్కలోనూ పడలేదు.

మన దేశపు లెక్కే చూడండి. 2025 ఏప్రిల్‌లో చండీగఢ్‌లో భారత పురుషుల జట్టు 4×100 రిలేను 38.69 సెకన్లలో ముగించి జాతీయ రికార్డు నెలకొల్పింది. దాన్ని నాలుగుతో భాగిస్తే తలకు 9.67 సెకన్లు వస్తుంది. ఆనాటికి 100 మీటర్లలో మన జాతీయ రికార్డు 10.20. పది సెకన్ల లోపు పరుగెత్తిన భారతీయుడు అప్పటికి ఒక్కడూ లేడు. ఆ నలుగురూ పది లోపు పరుగెత్తేస్తున్నారని ఎవరూ అనుకోలేదు కదా, మీ ఇంటి లెక్కకూ అదే న్యాయం వర్తిస్తుంది.

అయినా 1.3 సెకన్ల తేడా కొంచెం ఎక్కువే. పాఠశాల పిల్లల్లో విడి పరుగుకూ రిలే లెగ్‌కూ ముప్పావు సెకను నుంచి ఒక సెకను వరకు తేడా రావడం నేను తరచు చూశాను. మిగిలింది స్టాప్‌వాచ్‌లోంచి వచ్చి ఉంటుంది. ముగింపు గీత దగ్గర నిలబడ్డ పీఈటీ గారికి నాలుగో లెగ్ మొదలయ్యే గీత దాదాపు వంద మీటర్ల దూరంలో, తనకు ఎదురుగా ఉంటుంది. పక్క నుంచి చూసేవాడికి కాలు గీత దాటడం కనిపిస్తుంది గానీ, ఎదురు నుంచి చూసేవాడికి పిల్ల గీతకు ఇవతల ఉందో అవతల ఉందో తెలియదు, ఆ సున్నపు గీత అసలు కనిపిస్తేనే గొప్ప. అందరూ చేసేదేమిటంటే, బ్యాటన్ చేతులు మారినట్టు అనిపించగానే బటన్ నొక్కడం. బ్యాటన్ మార్పిడి గీత దాటాక ఐదారు మీటర్ల అవతల జరిగితే మీ అమ్మాయి వంద మీటర్లు పరుగెత్తినట్టు కాదు, తొంభై నాలుగో తొంభై అయిదో పరుగెత్తినట్టు. ఆ వేగంలో రెండు మీటర్ల పొరపాటుకే పావు సెకను పోతుంది.

విడి పరుగు టైములోనూ ఇలాంటి తిరకాసే ఉంది, కాకపోతే అది మీకు నచ్చదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, క్లాపర్ చప్పుడు వంద మీటర్ల దూరంలో ఉన్న చెవికి చేరడానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. అందుకే వాచీ పట్టుకున్నవాడు చప్పుడు వినడం కాదు, తుపాకీ పొగనో క్లాపర్ పలకలు కలవడాన్నో చూసి నొక్కాలని నియమం. చప్పుడు విని నొక్కి ఉంటే మీ అమ్మాయి అసలు టైము 13.9 కాదు, 14.2కు దగ్గర. చేతి వాచీ టైమును ఎలక్ట్రానిక్ టైముతో పోల్చవలసి వచ్చినప్పుడు 100 మీటర్లకు 0.24 సెకను కలుపుకోవాలన్న వాడుక కూడా ఇలాంటి తేడాల వల్లే వచ్చింది.

ఇంకొకటి గాలి. మన ఊళ్లో ఉదయం స్తబ్దుగా ఉన్న మైదానం మీదికి మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. అది వెనక నుంచి తోస్తుందా, ఎదురు నిలుస్తుందా అన్నది మైదానం ఏ దిక్కుకు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పొద్దున పరుగెత్తిన విడి పరుగునూ సాయంత్రం జరిగిన రిలేనూ పోల్చేవారు దీన్ని మరిచిపోతారు. 100 మీటర్ల పరుగులో వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు మించితే ఆ టైమును రికార్డుగా తీసుకోరు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కేరళలో జరిగిన ఫెడరేషన్ కప్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.09లో ముగించినా, గాలి 2.1గా తేలడంతో అది జాతీయ రికార్డు కాలేదు. 0.1 తేడా! మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరుగెత్తి రికార్డు సాధించింది. అంటే పుస్తకంలోకి ఎక్కింది తక్కువ వేగపు టైమే. రిలేలో అయితే పరుగెత్తేవారు ట్రాక్ చుట్టూ నాలుగు దిక్కులకూ తిరుగుతారు కాబట్టి గాలిని లెక్కలోకే తీసుకోరు. ఆఖరి లెగ్ టైములో గాలి వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ మీలాగే ఆలోచించాను. రిలేలో మూడో లెగ్‌ను అందరికన్నా వేగంగా పరుగెత్తిన ఒక కుర్రవాణ్ణి చూసి మురిసిపోయి, విడి పరుగులో రెండో స్థానం వచ్చినవాణ్ణి తప్పించి వీణ్ణి 100 మీటర్లకు పంపాను. చప్పుడయ్యాక వాడు లేచేసరికి మిగతావాళ్లు మూడు అడుగులు ముందున్నారు. హీట్‌లోనే, అంటే తొలి వడపోత పరుగులోనే, ఆఖరివాడుగా వచ్చాడు. వాడి వేగం అబద్ధం కాదు, కానీ ఆ వేగం అందుకునేదాకా వాడికి చాలా దూరం కావాలి.

మీ అమ్మాయి పరిస్థితి కూడా అదే అయి ఉండవచ్చు. తేల్చుకోవడం కష్టం కాదు. ఇద్దరమ్మాయిలనూ ఒకే రోజు, ఒకే మైదానంలో, ఒకే మనిషి వాచీ పట్టుకుని, మొదట కూర్చున్న చోటి నుంచి 30 మీటర్లు, తరువాత 20 మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి 30 మీటర్లు పరుగెత్తించమని పీఈటీ గారిని కోరండి. మొదటి దానిలో వెనకబడి రెండో దానిలో మీ అమ్మాయి ముందుంటే, ఆమెకు తక్కువైంది లేవడమే. దాన్ని ఏడాదిలో నేర్పవచ్చు. అప్పటిదాకా లేవడం వచ్చిన అమ్మాయిని 100 మీటర్లకూ, వేగం ఉన్న అమ్మాయిని ఆఖరి లెగ్‌కూ పెట్టడం అన్యాయం కాదు. నేనైనా అదే చేసేవాణ్ణి.

ప్రశ్న: మా బాలుర జట్టులో నలుగురి విడి టైములు 12.1, 12.4, 12.6, 12.3. రిలేలో మా జట్టు 49.0లో వచ్చింది. ఇది బాగున్నట్టా, కాదా? జట్టును దేనితో పోల్చి చూసుకోవాలి?
— ఒక వ్యాయామోపాధ్యాయుడు, పెందుర్తి

జవాబు: పక్క పాఠశాలతో పోల్చకండి, మీ నలుగురి మొత్తంతోనే పోల్చండి. మీ పిల్లల టైములు కూడితే 49.4 వస్తుంది. రిలేలో 49.0 వచ్చింది కాబట్టి మూడు బ్యాటన్ మార్పిడుల వల్ల మీరు సంపాదించింది 0.4 సెకను మాత్రమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 36.84తో ప్రపంచ రికార్డు నెలకొల్పిన జమైకా జట్టు నెస్టా కార్టర్, మైకేల్ ఫ్రేటర్, యోహాన్ బ్లేక్, ఉసేన్ బోల్ట్‌లది. వారి అత్యుత్తమ విడి టైములు 9.78, 9.88, 9.69, 9.58. మొత్తం 38.93. అంటే వారు సంపాదించింది 2.09 సెకన్లు, మార్పిడికి 0.7 చొప్పున. పాఠశాల జట్టు అంత సాధించనవసరం లేదు గానీ, ఒక సెకను కూడా రాకపోతే పరుగులో లోపం వెతకడం మాని బ్యాటన్ దగ్గర వెతకాలి.

ఎక్కువ జట్లలో జరిగేది ఇదే: అందుకునేవాడు వెనక్కి తిరిగి చూస్తూ, దాదాపు నిలబడే బ్యాటన్ తీసుకుంటాడు, ఇచ్చేవాడు వాణ్ణి గుద్దుకోకుండా వేగం తగ్గించుకుంటాడు. చూడ్డానికి బ్యాటన్ పడలేదు కాబట్టి అందరూ చప్పట్లు కొడతారు. మీరు వాచీని పరుగెత్తేవాడి మీద కాకుండా బ్యాటన్ మీద పెట్టండి. అది జోన్‌లోకి అడుగుపెట్టిన క్షణం నుంచి 30 మీటర్లు దాటి బయటపడే క్షణం దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. తరువాత ఇచ్చే కుర్రవాణ్ణి ఒంటరిగా, ఎవరికీ ఇవ్వకుండా, పూర్తి వేగంతో అదే 30 మీటర్ల గుండా పరుగెత్తించి మళ్లీ కొలవండి. మార్పిడితో పట్టిన కాలం ఒంటరి పరుగు కాలం కన్నా ఎక్కువైతే, ఆ ఎక్కువంతా ఆ జోన్‌లో మీరు పోగొట్టుకుంటున్నదే. మూడు జోన్‌లకూ ఇలా చేస్తే తప్పు ఏ జంట దగ్గర ఉందో ఒక్క సాయంత్రంలో బయటపడుతుంది. అందుకునేవాడు ఎప్పుడు కదలాలో చెప్పే గుర్తును పాదాలతో కొలిచి పెట్టారా, లేక అందాజాగా పెట్టారా అన్నది కూడా చూసుకోండి. ఇచ్చేవాడు ఆ గుర్తు తొక్కగానే అందుకునేవాడు మళ్లీ చూడకుండా దూకాలి.

అన్నట్టు, మీ మైదానంలో జోన్‌కు 20 మీటర్లు, దానికి ముందు 10 మీటర్ల పరుగు చోటు అని పాత పద్ధతిలో గీతలు గీసి ఉంటే చెరిపించండి. 2017 చివరి నుంచి ఆ రెండూ కలిసి 30 మీటర్ల జోన్ అయ్యాయి. ఆ మొత్తం దూరంలో ఎక్కడైనా బ్యాటన్ ఇవ్వవచ్చు.

ప్రశ్న: నేను 400 మీటర్లు విడిగా 58.2లో పరుగెత్తాను. 4×400 రిలేలో రెండో లెగ్ 56.9 వచ్చింది. ఇక నా టైము 57 లోపు అని చెప్పుకోవచ్చా?
— పదో తరగతి విద్యార్థి, భీమిలి

జవాబు: స్నేహితులకు చెప్పుకో నాయనా, నమోదు పత్రంలో మాత్రం 58.2 అనే రాయి. ఇక్కడ జోన్ 20 మీటర్లే, ముగింపు గీతకు ఇటు పది, అటు పది. కాబట్టి 4×100లో దొరికినంత ముందస్తు పరుగు దొరకదు. పైగా పరుగు నాలుగింతలైనా లాభం నాలుగింతలు కాదు, అది మొదట్లో ఒక్కసారి వచ్చేదే. 2023లో బుడాపెస్ట్ ప్రపంచ పోటీల్లో మన పురుషుల జట్టు 2:59.05తో ఆసియా రికార్డు సాధించినప్పుడు తలకు 44.76 సెకన్లు పడింది. ఆనాటి మన 400 మీటర్ల జాతీయ రికార్డు 45.21. అంత పెద్ద పరుగులోనూ సగటుకూ రికార్డుకూ మధ్య తేడా అర సెకను లోపే ఉంది.

నీకు వచ్చిన 1.3లో ఇంకో సంగతి కలిసి ఉంటుంది. రెండో లెగ్‌లో మొదటి మలుపు దాటాక లేన్ విడిచి లోపలికి వచ్చేస్తారు. అప్పటి నుంచి ముందువాడి వీపు కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది. విడి పరుగులో బయటి లేన్ పడితే ఆఖరి మలుపు దాకా ఎవరూ కనిపించరు. ఈసారి సాధనలో నీకన్నా ఒక సెకను వేగంగా పరుగెత్తే అన్నను లోపలి లేన్‌లో కాకుండా బయటి లేన్‌లో, నీ కళ్లకు కనబడేలా పెట్టి 400 మీటర్లు పరుగెత్తి చూడు. అప్పుడు వచ్చిన అంకెను మళ్లీ రాసి పంపు.